పేజీలోంచి బయటికి రావడం నేర్పండి

ఇంటర్నెట్‌లో ఏది నమ్మాలో పిల్లలకి నేర్పమంటే చాలా చోట్ల ఇప్పటికీ ఒక చెక్‌లిస్ట్ చేతిలో పెడతారు. సైట్ పేరు చివర డాట్ ఆర్గ్ ఉందా, అక్షర దోషాలున్నాయా, 'మా గురించి' అనే పేజీ ఉందా, ఫోన్ నంబర్ ఇచ్చారా, చూడ్డానికి నీట్‌గా ఉందా. ఒక్కొక్కదానికీ టిక్ పెట్టుకుంటూ పోయి, చివర్లో లెక్క చూసి నమ్మొచ్చో లేదో తేల్చేయాలి. నాకు ఈ పద్ధతి అస్సలు నచ్చదు. మోసం చేద్దామనుకున్నవాడు అన్నిటికంటే ముందు సర్దుకునేవి ఇవే కదా! డాట్ ఆర్గ్ పేరు డబ్బు కడితే ఎవరికైనా వస్తుంది, మంచి డిజైన్ రెడీమేడ్‌గా దొరుకుతుంది, అక్షర దోషాలు దిద్దడానికి ఇప్పుడు ఏఐ ఉండనే ఉంది. ఇక ఆ పేజీని ఎంత తేరిపార చూస్తే మాత్రం ఏం తెలుస్తుంది, వాళ్ళు మనకి చూపించాలనుకున్నదే కనిపిస్తుంది.

ఈ విషయం మీద నాకు బాగా ఉపయోగపడిన పరిశోధన ఒకటుంది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో బయటపెట్టారు. మొత్తం 45 మందిని కూర్చోబెట్టారు: 10 మంది పీహెచ్‌డీ చేసిన చరిత్రకారులు, 10 మంది ఫ్యాక్ట్ చెకర్లు (వార్తల్లో నిజానిజాలు సరిచూసే వృత్తిలో ఉన్నవాళ్ళు), 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. వాళ్ళకి పిల్లల డాక్టర్ల సంఘాలవి రెండు వెబ్‌సైట్లు చూపించి ఏది నమ్మదగినదో చెప్పమన్నారు. ఒకటి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 1930లో పుట్టింది, 60 వేల మందికి పైగా సభ్యులున్న అసలైన వృత్తి సంఘం. రెండోది అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రీషియన్స్, స్వలింగ జంటలు పిల్లల్ని దత్తత తీసుకోవడాన్ని వ్యతిరేకిస్తూ 2002లో విడిగా వచ్చిన చిన్న గుంపు. రెండు పేర్లూ ఒకేలా ఉన్నాయి, రెండు సైట్లూ చక్కగానే ఉన్నాయి. ఫ్యాక్ట్ చెకర్లందరూ అకాడమీనే నమ్మదగినదన్నారు. అంత చదువుకున్న చరిత్రకారుల్లో చాలామంది రెండూ పర్వాలేదన్నట్టు తడబడ్డారు. విద్యార్థుల్లో ఎక్కువమంది ఆ చిన్న గుంపు సైటే మెరుగన్నారు!

ఫ్యాక్ట్ చెకర్లు చేసింది చెప్పుకోవడానికి చాలా చిన్న పని. తెలియని సైట్ కనబడగానే దాన్ని చదవడం ఆపేశారు. కొత్త ట్యాబ్ తెరిచి ఆ సంఘం పేరు కొట్టి, దాని గురించి బయటివాళ్ళు ఏమంటున్నారో చూశారు. మిగతావాళ్ళు పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదువుకుంటూ పోయారు. చిన్నప్పటినుంచీ బడి నేర్పేది కూడా అదేగా, ఇచ్చిన పాఠం మొత్తం చదువు, ఆ తర్వాతే మాట్లాడు. పాఠ్యపుస్తకానికి అది సరైన పద్ధతే, ఎందుకంటే దాన్ని మన చేతికి ఇచ్చేముందు ఎవరో ఒకరు పరిశీలించి ఉంటారు. ఫోన్‌లోకి వచ్చి పడేవాటికి ఆ భరోసా లేదు. ఎవరు చెప్తున్నారో తెలియకముందే ఏం చెప్తున్నారో చదివామంటే సగం బుర్రలోకి ఎక్కేసినట్టే. ఒకే మాట పదే పదే వింటే అది నిజమనిపించడం మొదలవుతుందని 1977లోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపించారు, తర్వాత చేసిన ప్రయోగాల్లో ముందే అసలు విషయం తెలిసినవాళ్ళ మీద కూడా ఆ ప్రభావం కనిపించింది.

పిల్లలతో నేను మొదట చేయించేది ఫోటో. నీట మునిగిన రోడ్డు, సగం మునిగిన బస్సు, కింద 'నిన్న రాత్రి పరిస్థితి ఇది, అందరికీ షేర్ చేయండి' అని రాసి ఉంటుంది. చూడగానే పిల్లలు ఫోటోని జూమ్ చేస్తారు, నీడలు చూస్తారు, ఎక్కడో ఎడిట్ చేసి ఉంటారని అంచు అంచూ వెతుకుతారు. ఏమీ దొరకదు, ఎందుకంటే ఫోటో నిజమైనదే. అప్పుడు దాన్ని గూగుల్ లెన్స్‌లో, అంటే ఫోటో ఇస్తే అది ఇంతకుముందు ఎక్కడ కనిపించిందో వెతికిపెట్టే దాంట్లో పెట్టమంటాను. అదే బస్సు, అదే రోడ్డు, వేరే దేశం, ఎప్పుడో ఏళ్ళ కిందటి వార్త. కొందరికి అప్పుడు గానీ బస్సు మీది అక్షరాలు వేరే భాషవని కనబడదు, అంతవరకూ కళ్ళెదుటే ఉన్నా. ఫోటో నిజం, రాత అబద్ధం అన్నమాట అక్కడ వాళ్ళకి అర్థమవుతుంది, నేను విడిగా చెప్పాల్సిన పని లేదు. బయట తిరిగే అబద్ధాల్లో ఈ రకానివి బోలెడు, తయారు చేయడానికి పైసా ఖర్చు లేదు, పాత ఫోటోకి కొత్త తేదీ తగిలిస్తే చాలు. తప్పుడు వార్త నిజం కంటే వేగంగా పరిగెడుతుందని కూడా లెక్కగట్టారు. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన వార్తల్ని పరిశీలిస్తే, 1500 మందికి చేరడానికి నిజానికి అబద్ధం కంటే సుమారు 6 రెట్లు ఎక్కువ టైమ్ పట్టింది. దానికి ముఖ్య కారణం బాట్లు (వాటంతటవే పోస్టులు పెట్టే ప్రోగ్రాములు) కాదు, మనుషులే. కొత్తగా, వింతగా అనిపించింది కదా అని పంచిపెట్టేది మనమే.

ఏఐ వచ్చాక ఈ నేర్పు పనికిరాదని కొందరంటున్నారు. నేను ఒప్పుకోను, ఇప్పుడే దీనితో ఎక్కువ పని. బొమ్మలో వేళ్ళు లెక్కపెట్టు, కళ్ళు చూడు అని ఆమధ్య చెప్పిన చిట్కాలు అప్పుడే పాతబడిపోయాయి. బొమ్మ లోపల వెతికే ఏ చిట్కా అయినా కొన్నాళ్ళకి పాతబడేదే. దీన్ని మొదట ఎవరు పెట్టారు, ఇంకెవరైనా విడిగా రాశారా అన్న ప్రశ్నలకి ఆ బెడద లేదు. చాట్‌బాట్ ఇచ్చే జవాబుకీ ఇదే వర్తిస్తుంది: ఫలానా పుస్తకంలో ఉందని అది చాలా ధీమాగా చెప్తుంది, వెతికితే అసలు ఆ పుస్తకమే ఉండదు. అందుకే పిల్లలకి నేనిచ్చే హోంవర్క్, చాట్‌బాట్ పేర్కొన్న ఒక్క పుస్తకమో వ్యాసమో తీసుకుని అది నిజంగా ఉందో లేదో, ఉంటే ఆ మాట అందులో ఉందో లేదో చూసి రమ్మనడం. గంట పట్టినా ఫర్వాలేదు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దాని గురించి సరిపడా మాట్లాడుకోవడం లేదని నా బాధ. రోజూ అబద్ధాలే చూపిస్తూ పోతే కొన్నాళ్ళకి పిల్లలు 'ఏదీ నమ్మలేం సార్, అన్నీ ఫేకే' అంటారు. తెలివైన మాటలా వినిపిస్తుంది గానీ అది ఓడిపోవడమే. అన్నీ అబద్ధాలే అనుకునేవాడు చివరికి తనకి నచ్చిందే నమ్ముతాడు, ఎందుకంటే ఏదో ఒకటి నమ్మకుండా ఎవరూ బతకలేరు. అందుకని క్లాసులో సగం ఉదాహరణలు నిజమైనవే ఉండాలి. వింతగా ఉంటుంది, వెతికితే నిజమని తేలుతుంది, నమ్మకస్తులైనవాళ్ళు రాసి ఉంటారు. తప్పు దొర్లితే సవరణ వేసే పత్రిక, సమాచారం ఎక్కడిదో చెప్పే సంస్థ, తనకి తెలియదని ఒప్పుకునే నిపుణుడు, వీళ్ళని గుర్తుపట్టడం కూడా నేర్చుకోవాల్సిందే. నన్నడిగితే అదే కష్టమైన భాగం.

పోతే, ఏడాదికి ఒకరోజు ఎవరినో పిలిపించి గంటసేపు ఉపన్యాసం పెట్టించి చేతులు దులుపుకుంటే లాభం లేదు. 2019 ఎన్నికలప్పుడు బిహార్‌లో పెద్దవాళ్ళకి గంట సేపు నేర్పి చూశారు, అబద్ధాన్ని గుర్తుపట్టడంలో మొత్తం మీద చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. తర్వాత అదే రాష్ట్రంలో 13 వేల మందికి పైగా బడి పిల్లలతో కొన్ని వారాల పాటు క్లాసులు పెడితే మాత్రం ఫలితం కనిపించింది, నెలల తర్వాత కూడా నిలిచింది, ఇంట్లో తల్లిదండ్రుల వరకూ వెళ్ళింది. ఆశ్చర్యమేముంది, ఎక్కాలు ఒక్క గంటలో ఎవరికి వచ్చాయి? దీనికి కొత్త సబ్జెక్టూ కొత్త పరీక్షా కూడా అక్కర్లేదు. సోషల్ టీచర్ ఒక పాత ఫోటోతో, సైన్స్ టీచర్ ఒక ఆరోగ్య చిట్కాతో, లెక్కల టీచర్ సున్నా దగ్గర మొదలవని గ్రాఫ్‌తో వారానికి పది నిమిషాలు కేటాయిస్తే చాలు.

పిల్లల సంగతి సరే, పెద్దవాళ్ళ మాటేమిటి? 2016 అమెరికా ఎన్నికలప్పుడు ఫేస్‌బుక్‌లో చూస్తే 65 ఏళ్ళు దాటినవాళ్ళు, అందరికంటే చిన్న వయసు వాళ్ళ కంటే దాదాపు 7 రెట్లు ఎక్కువ తప్పుడు వార్తలు షేర్ చేశారు. వాళ్ళకి తెలివి తక్కువై కాదు, వాళ్ళకి ఇవన్నీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పంపేది కూడా ఎక్కువగా ప్రేమకొద్దీ, మనవాళ్ళకి ఏమైనా అవుతుందేమోనన్న భయంకొద్దీ. కాబట్టి ఫ్యామిలీ గ్రూపులో అందరి ముందూ 'ఇది ఫేక్' అని కొట్టిపారేయకండి. విడిగా మెసేజ్ పెట్టండి: 'పెదనాన్నా, ఆ ఫోటో పాతదట, ఇదిగో లింకు. మెసేజ్ పైన రెండు బాణాలున్నాయి చూశారా, అవి ఉన్నాయంటే అప్పటికే చాలా చేతులు మారి వచ్చిందన్నమాట.' వీలైతే పక్కన కూర్చుని లెన్స్ ఎలా వాడాలో వాళ్ళ ఫోన్‌లోనే, వాళ్ళ వేలితోనే చేయించండి. తప్పని చెప్పే ఆ మెసేజ్ మాత్రం వెంటనే పెడితే మంచిది, ఎందుకంటే వాట్సాప్‌లో తాము పంపిన మెసేజ్‌ని అందరి ఫోన్లలోంచి తీసేయడానికి రెండున్నర రోజులే టైమ్ ఉంటుంది.