చినుకుకి వెలుగు చుట్టమే

పోయిన నెల ఒక షార్ట్ ఫిల్మ్‌కి పాట రాశాను. డబ్బులేం రావు. తెలిసిన తమ్ముడొకడు ట్యూన్ కట్టి, లాలలా అని పాడి ఫోన్‌లో పంపిస్తాడు, నేను రాత్రి అన్నం తిన్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దానికి మాటలు అతికిస్తాను, అంతే వ్యవహారం. ఈసారి వాన పాట. పల్లవి ఇలా ఎత్తుకున్నాను:

కిటికీ మీద తొలి చినుకు
వీధి దీపం మినుకు మినుకు
ఎదలో ఏదో చిన్న కినుకు

పంపిన పది నిమిషాలకే ఫోన్. "అన్నా, కినుకు అంటే ఏంటన్నా?" కినుక అని ఉంది కదరా, అలక, కోపం, దాన్నే కొంచెం... అని నసిగాను. "అది సరే గానీ, ఎల్‌కేజీ పిల్లల రైమ్‌లా ఉందన్నా" అన్నాడు. కోపం వచ్చింది కానీ మళ్ళీ వింటే నిజమే. కినుకని కినుకు చేసినందుకు సిగ్గు కూడా వేసింది.

తెలుగులో అంత్యప్రాస తేలిగ్గా దొరికేస్తుంది, అదే తంటా. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, క్రియ వాక్యం చివర్లో కూర్చుంటుంది, కాబట్టి ఏమీ ఆలోచించకపోయినా వచ్చాను, చూశాను, నిలిచాను, పిలిచాను అని లైన్లు వాటంతటవే ఒకే రకంగా తెగుతాయి. దాన్ని ప్రాస అనుకుని మురిసిపోయిన రోజులున్నాయి నాకు. ఇప్పుడైతే ఆ 'ఆను'ని లెక్కలోంచి తీసేసి దాని ముందున్న అక్షరం చూస్తాను. వెతికాను, అడిగాను. క, గ. అక్కడ చిన్న పని జరుగుతోంది. వచ్చాను, వెళ్ళాను దగ్గర ప్రత్యయం తప్ప ఇంకేం లేదు. (తెలంగాణ మాటలో రాస్తే లెక్క మారుతుంది. నేను 'వచ్చిన' అంటే అది 'నాకు నచ్చిన' పక్కన హాయిగా కూర్చుంటుంది. 'వచ్చాను'కి ఆ అదృష్టం లేదు.)

అచ్చుగుద్దినట్టు కలిసే మాట వద్దు, కలిసీ కలవని మాట కావాలి. మరి దాన్ని ఎక్కడ వెతకాలి? చాలాకాలం నోటికొచ్చింది గొణుక్కుంటూ వెతికేవాణ్ణి. తర్వాత తట్టింది, దీని పట్టిక నాకు తొమ్మిదో తరగతిలోనే బట్టీ పట్టించారు. యతి, అంటే పద్యపాదం మొదటి అక్షరానికి పాదం మధ్యలో ఇంకో అక్షరం జత కలవడం.

పద్యంలో ప్రాస చాలా పట్టుదల మనిషి. పాదంలో రెండో అక్షరం దగ్గర ప్రతి పాదానికీ అదే హల్లు రావాలి. ల–ళ, థ–ధ లాంటి కొన్ని సడలింపులు ఉన్నాయి, 17వ శతాబ్దంలో అప్పకవి ఇలాంటివన్నీ పేర్లు పెట్టి మరీ విడదీశాడు. యతి అలా కాదు, దానికి చుట్టరికం చాలు. క ఖ గ ఘ ఒక గుంపు, త థ ద ధ ఒక గుంపు, చ ఛ జ ఝలతో శ ష సలు కూడా కలుస్తాయి, అచ్చుల్లో ఇ ఈ ఎ ఏ ఒక ఇంటివి, ఉ ఊ ఒ ఓ ఇంకో ఇంటివి. ఉప్పు కప్పురంబు పద్యం మొదటి పాదంలో 'ఉప్పు'కి 'నొక్క' (న్ + ఒక్క) యతి, అంటే ఉ–ఒ. రెండో పాదంలో 'చూడ'కి 'జాడ', చ, జ చుట్టాలే గానీ అచ్చులు కూడా కలవాలి, చూ–జాలకి అవి కుదరవు కాబట్టి రెండుచోట్లా పక్కన 'డ' వచ్చి ప్రాసయతిగా, అంటే యతి బదులు ప్రాసగా, నిలబెట్టింది. ఇంగ్లీషు పాటలవాళ్ళు దగ్గరి ప్రాస అని ఈమధ్య గొప్పగా చెప్పుకునేదాన్ని మనవాళ్ళు మైత్రి అని పేరు పెట్టి ఎప్పుడో పద్యానికి తప్పనిసరి చేశారు, కాకపోతే పాదం మధ్యలో పెట్టారు. నేను దాన్ని తెచ్చి లైన్ చివర పెడుతున్నాను, అంతే.

ఇప్పుడు చినుకు చూడండి. మూడూ లఘువులు, అంటే ఒక్కో మాత్రలో (రెప్పపాటులో) అయిపోయే పొట్టి అక్షరాలు. చివర కు, దానికి చుట్టం గు. మధ్యలో 'ను'లో ఉకారం ఉంచేసి హల్లు వదిలేశాను. మొదట చి, ఇకారం, దానికి ఎకారం బంధువు. వెలుగు! మూడక్షరాల్లో ఒక్క అక్షరం కూడా అదే కాదు, అయినా చెవి ఒప్పుకుంటుంది.

కిటికీ మీద తొలి చినుకు
గదిలో కొంచెం నీ వెలుగు

ఇదే పాటలో 'ముక్కు' పెట్టి చూడండి, చివర అచ్చంగా 'కు'నే ఉంది, మాత్రలు కూడా మూడే, కానీ అతకదు. చినుకు టపటపటప అని పడితే ముక్కు తట్టుకుని ఆగుతుంది. అందుకే నేను ముందు లఘువు గురువుల (గురువంటే రెండు మాత్రల పొడుగు అక్షరం) వరస చూస్తాను, అక్షరాల సంగతి తర్వాత. 'వెనక' కూడా పెట్టి చూశాను, వరస సరిపోయింది గానీ మెలొడీలో పాడేవాడు చివరి అచ్చుని సాగదీస్తాడు కాబట్టి ఉకారం ఒక లైన్లో, అకారం ఇంకో లైన్లో సాగి పట్టుబడిపోయింది. ర్యాప్ అయితే ఆ స్పీడులో ఎవరూ పట్టించుకోరు.

సాగదీయడం వల్ల ఒక లాభం కూడా ఉంది. హ్రస్వం దీర్ఘం తేడా పోతుంది. గుండె అని రాస్తే పాడేవాడు ఎలాగూ గుండే అంటాడు, కాబట్టి వెంటే, ఉంటే కూడా వచ్చేస్తాయి, డ ట ఒకే వర్గం కదా. అలాగే ఆశ, శ్వాస, భాష. బంధం, అందం, సొంతం. ఒత్తులు మనలో చాలామంది మాట్లాడేటప్పుడు ఎలాగూ పలకరు, బంధానికీ అందానికీ మధ్య ఉన్న తేడా కాగితం మీదే ఎక్కువ.

ఒకసారి అతితెలివితో చిన్న ప్రోగ్రాం రాశాను, పదాలన్నీ తిరగేసి వరసగా పేరిస్తే ఒకేలా ముగిసేవన్నీ పక్కపక్కకి వస్తాయని. చినుకుని తిరగేస్తే కునుచి రావాలా, కంప్యూటర్ కొమ్ములూ గుడులూ విడివిడిగా పీకి తిప్పేసరికి ముందు ఒక కొమ్ము గాల్లో వేలాడుతూ, వెనక 'కునిచ' వచ్చింది. చూడ్డానికి వికారం. కానీ వరస మాత్రం బాగానే కుదిరింది, పైగా నేను అనుకోనిది ఒకటి కనిపించింది: కు మాటలు అయిపోయి, ఒకటీ అరా ఖు మాటలు దాటగానే గు మాటలు మొదలయ్యాయి. అడుగు, గొడుగు, వెలుగు. వర్ణమాల పేర్చిందే అలా కదా, నోట్లో ఒకే చోట పుట్టేవన్నీ ఒక వరసలో. ఇంగ్లీషులో బీ ఒక చోట, పీ ఎక్కడో. మనకి అఆలే దగ్గరి ప్రాసల నిఘంటువు, నేను అనవసరంగా కోడ్ రాశాను.

పల్లవి తమ్ముడికి నచ్చింది. ఇప్పుడు చరణంలో 'మబ్బు' దగ్గర ఇరుక్కున్నాను. డబ్బు, సబ్బు, గబ్బు, జబ్బు, ప్రేమపాటకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. బ నుంచి ప వైపు జరిగితే నిప్పు, ఒప్పు, చెప్పు. 'కమ్మేలోగా మబ్బు, ఏదో ఒకటి చెప్పు' అని పంపాను. బాగుందన్నాడు, కానీ 'చెప్పు' మీద ఎనిమిది మాత్రలు ఆగాలట, అంతసేపు ఆగితే వినేవాళ్ళకి కాళ్ళకేసుకునేది గుర్తొస్తుందేమో అని వాడికి టెన్షన్.