నా మొదటి బాక్స్‌కారు పాయింట్లు దాటిన రోజు

పట్టా రెండుగా చీలే పాయింట్ల దగ్గరికి వచ్చిన ప్రతిసారీ నా పెట్టె, అంటే నేను చేసిన చిన్న మోడల్ గూడ్సు డబ్బా (బాక్స్‌కారు), పట్టాలు తప్పేది. ఇంజను దాటేది, దాని వెనుక ట్యాంకరు దాటేది. నా పెట్టె మాత్రం ముందు చక్రాన్ని పైకెత్తి పక్కకు ఒరిగిపోయేది. మూడు వారాల సాయంత్రాలు కూర్చుని, ఒక్కొక్క నిచ్చెన మెట్టూ పట్టకారుతో అతికించిన పెట్టె అది. చాలా బాధేసింది.

కాజీపేటలో గూడ్సు రైలు డబ్బాలు లెక్కపెడుతూ పెరిగినవాణ్ని. ఉద్యోగరీత్యా షికాగో శివార్లకు వచ్చాక ఊళ్లోని మోడల్ రైల్వే క్లబ్బులో చేరాను. అక్కడ నడిచేవి హెచ్‌ఓ కొలత రైళ్లు. అసలు బండిలో ఒక అడుగు ఉన్నచోట మోడల్‌లో మూడున్నర మిల్లీమీటర్లు, అంటే దాదాపు 87వ వంతు. నేను ఎంచుకున్నది పీఎస్-1 రకం నలభై అడుగుల పెట్టె. పుల్‌మన్-స్టాండర్డ్ సంస్థ 1947లో మొదలుపెట్టి, వేర్వేరు పొడవుల్లో ఈ రకం పెట్టెలను లక్షకు పైగా తయారుచేసింది. కాగితం చుట్టల నుంచి కాన్సస్ గోధుమల దాకా ఇలాంటి పెట్టెల్లోనే వెళ్లేవి. గోధుమలైతే తలుపుకు లోపలి వైపు అడ్డంగా చెక్కలు కొట్టి నింపేవారు.

క్లబ్బులో ఒక పెద్దాయన నా పెట్టెను అరచేతిలో పెట్టుకుని, "బరువు చూశారా?" అని అడిగారు. చూడలేదు. నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సూచించిన లెక్క ఒకటుంది: హెచ్‌ఓ పెట్టెకు ముందుగా ఒక ఔన్సు, ఆపైన పొడవులో అంగుళానికి అర ఔన్సు చొప్పున. నాది ఐదున్నర అంగుళాలు కాబట్టి మూడు ముప్పావు, అంటే 3.75 ఔన్సులు ఉండాలి. తూచితే రెండున్నరే ఉంది. కప్పు విప్పి, పావు ఔన్సు బరువు ముక్కలు ఐదింటిని నేల మీద రెండు వైపులా బరువు సమంగా పడేలా అతికించాను.

తప్పడం తగ్గింది కానీ ఆగలేదు. అసలు కిటుకు మరలలో, అంటే స్క్రూలలో ఉంది. పెట్టె కింద రెండు చివర్లా ఉండే చక్రాల చట్రాలను ఇక్కడ ట్రక్కులంటారు. నేను రెండింటి మరలనూ ఒకేలా గట్టిగా బిగించాను. ఒకదాన్ని అటూ ఇటూ తిరిగేటంత మాత్రమే వదలాలి, రెండోదాన్ని పక్కలకు కాస్త ఊగేటంత వదులు చేయాలి. అప్పుడు పెట్టె మూడు ఆధారాల మీద నిలుస్తుంది. ఎగుడుదిగుడు నేల మీద ముక్కాలిపీట కుదురుగా కూర్చున్నట్టే! మర పావు చుట్టు వదలగానే, ఇన్నాళ్లూ గాలిలో తేలిన ఆ చక్రం పట్టా మీదికి దిగడం కళ్లారా చూశాను.

అంతటితో పని అయిపోయిందనుకున్నాను. ఒక ఆదివారం యూనియన్ అనే ఊళ్లోని ఇల్లినాయ్ రైల్వే మ్యూజియానికి వెళ్లి, ఒక పాత పెట్టె పక్కన వంగి అడుగుభాగం చూస్తే నా తప్పు తెలిసింది. చేతిబ్రేకు చక్రం ఉన్న కొసను బీ-ఎండ్ అంటారు. బ్రేకు సిలిండరు నుంచి వచ్చే కడ్డీ ఆ కొస వైపే చూడాలి. నేను తిప్పి పెట్టాను. ఎవరికీ కనబడదు, నిజమే. కానీ తెలిశాక అలా వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. ఆ రాత్రే పీకి, సన్నని ఇత్తడి తీగతో కడ్డీలన్నీ మళ్లీ వేశాను.

అక్కడే పైకప్పు మీది నడక పలకను కూడా చాలాసేపు చూశాను. జల్లెడలా చిల్లులున్న ఉక్కు పలక అది, మంచు నిలవకుండా, కాలు జారకుండా. గాలి బ్రేకులు లేని రోజుల్లో బ్రేక్‌మన్‌లు కదిలే రైలు మీదే పెట్టె నుంచి పెట్టెకు నడుస్తూ, చేతిబ్రేకు చక్రాలు తిప్పి బండిని ఆపేవారు. 1893 నాటి అమెరికా చట్టం గాలి బ్రేకులనూ, పెట్టెలను కలుపుతూ వాటంతట అవే పట్టుకునే కప్లర్లనూ తప్పనిసరి చేసింది. అయినా 1966 దాకా కొత్త పెట్టెల మీద ఆ పలక వస్తూనే ఉంది. కిట్‌లోని మందపాటి ప్లాస్టిక్ పలక ఇక నాకు నచ్చలేదు. దాన్ని తీసేసి, చిల్లుల్లోంచి వెలుతురు కనిపించే పలుచని లోహపు పలక తెప్పించి అతికించాను.

అక్షరాలకు రెండు సాయంత్రాలు పట్టాయి. 1980లో మూతపడిన రాక్ ఐలాండ్ రైల్వే పేరు, కింద మోయగల బరువు, ఖాళీ బరువు. ముందు మెరిసే పూత వేసి, ఆరాక నీళ్లలో నానిన డెకాల్‌ను, అంటే అక్షరాలు ముద్రించిన పలుచని పొరను, కుంచెతో జరిపి అద్దాలి. మెరుపు లేని రంగు మీద అద్దితే అడుగున గాలి చిక్కి తెల్లగా కనిపిస్తుంది. చివరగా మెరుపు చంపే పూత.

తర్వాతి శనివారం క్లబ్బులో పదమూడు డబ్బాల రైలుకు దాన్ని నాలుగోదిగా తగిలించాం. ఇంజను పాయింట్లు దాటింది. నా పెట్టె వచ్చింది, నాలుగు ఇరుసులూ టక టక టక టకమని దాటాయి. దాని వెనుక మిగిలిన తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను.