బొబ్బిలి వీణకు మెట్లు కడుతుంటే చూశాను

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కగానే చిరాకు మొదలైంది. గజపతినగరం దాటినా నిలబడే ఉన్నాను. రామభద్రపురంలో సీటు దొరికి కాస్త కుదురుకునేలోగా బొబ్బిలి వచ్చేసింది. అక్కణ్ణుంచి గొల్లపల్లికి ఆటో అబ్బాయి అడిగిన డబ్బులతో హైదరాబాద్‌లో మెట్రో ఎక్కి ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లొచ్చు. పార్వతీపురంలో పెళ్లికి వచ్చినదాన్ని, మధ్యలో దొరికిన ఖాళీ ఇది. 1757 నాటి బొబ్బిలి యుద్ధ స్తంభం చూపిస్తానన్నాడు ఆటో అబ్బాయి గానీ వద్దన్నాను. నేను వచ్చింది వీణల కోసం.

గొల్లపల్లిలో ఈ పని చేసేవాళ్లలో సర్వసిద్ధి ఇంటిపేరు వాళ్లే ఎక్కువ. నేను వెళ్లిన ఇంటి వసారా నిండా పచ్చటి పనస చెక్కపొట్టు. ఓ కుర్రాడు ఉలితో కుండ, అంటే వీణకు నాదం పలికించే గుండ్రటి భాగం, లోపల తొలుస్తున్నాడు. కుండ, దాన్నుంచి సాగే పొడవాటి దండి విడివిడిగా చేసి అతికించకుండా ఒకే పనస దుంగలోంచి తీస్తారు. దాన్నే ఏకాండి వీణ అంటారు. అతుకు లేని కర్రలో నాదం ఎక్కడా ఆగదని వాళ్ల నమ్మకం. తొలిచేటప్పుడు ఒక్క దెబ్బ లోతుగా పడితే దుంగంతా దండగే.

గోడవారన మాత్రం చేతిలో పట్టేంత బొమ్మ వీణలు వరసగా పేర్చి ఉన్నాయి. సన్మానాల్లో శాలువాతో పాటు ఇస్తారే, అవి. "ఇవే మాకు తిండి పెడతన్నాయమ్మా, పెద్ద వీణ ఎవులు కొంతారు?" అన్నారు ఇంటి పెద్దాయన. భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్న వాయిద్యం ఇది. వేదికల మీద దాని బొమ్మ చేతిలో పెట్టి ఫొటోలు దిగుతాం. అసలు వీణ ధర చెప్పగానే బేరమాడతాం. నాకు కోపం వచ్చింది, ఇంకా పోలేదు.

ఆయన అప్పుడు మెట్లు కడుతున్నారు, అంటే స్వరాల కోసం తీగల కింద ఉండే లోహపు పట్టీలు అమరుస్తున్నారు. అక్కడే కూర్చుండిపోయాను. దండి పొడవునా రెండు పక్కలా మైనపు గట్లు ఉన్నాయి. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి మెత్తగా పిసికి చేసిన నల్లటి గట్లు. వాటి మీద 24 లోహపు మెట్లు నిలబడాలి. వాయించే మొదటి తీగ సారణిని మీటారు, మెట్టు పెట్టారు, మళ్లీ మీటారు. తల అడ్డంగా ఊపి, మెట్టును గోటితో వెంట్రుకవాసి వెనక్కి జరిపారు. మళ్లీ మీటారు. నాకు రెండూ ఒకటే స్వరంలా వినిపించాయి. ఆయనకు అలా వినిపించలేదు. పక్కన కొలబద్దా లేదు, ఫోన్‌లో శ్రుతి యాప్ కూడా లేదు. పన్నెండో మెట్టు దగ్గర పై షడ్జమం, అంటే పై స్థాయి 'స', సరిగ్గా కుదిరాకే తల పైకెత్తారు.

"కర్ర పని ఎవులైనా నేర్సుకుంతారమ్మా. దీనికి సెవి ఉండాల. సెవి లేపోతే ఎంత సెక్కినా అది బల్లే."

మా పెద్దమ్మ విజయవాడలో వీణ నేర్పేది. మే నెల వచ్చిందంటే మైనం మెత్తబడి మెట్లు కదిలేవి. వీణను ఉత్తరపు గదిలో చల్లటి గచ్చు మీద పెట్టి, మధ్యాహ్నం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. కట్టేవాళ్లు ఆ చుట్టుపక్కల దొరక్క, నూజివీడు నుంచి మనిషి వచ్చేదాకా పాఠాలు ఆపేసేది. ఎందుకింత హడావుడి అని అప్పట్లో మేం విసుక్కునేవాళ్లం. గమకం కోసం, అంటే స్వరాన్ని ఊపి పలికించడానికి, తీగను మెట్టు మీద పక్కకి లాగుతారు కదా, ఆ మెట్టే చోటు తప్పి ఉంటే లాగి ఏం లాభం? ఆ ఇబ్బంది ఏమిటో ఈయన వేళ్లు చూశాకే నాకు తెలిసొచ్చింది.

పెద్దమ్మ వీణ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. మైనం ఎండి పగుళ్లిచ్చింది, తీగలు బిగించే బిరడాలు రెండు నిలవట్లేదు. పార్సిల్‌లో పంపొచ్చా అని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. "వాయించేవోళ్లు ఎదురుగా ఉండాల. ఆల సెయ్యి సూసి కట్టాల" అన్నారు. ఎండలు తగ్గాక రమ్మన్నారు. కార్తీకంలో మా పెద్దమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్తున్నాను. ఆటో డబ్బులు మాత్రం ముందే మాట్లాడుకుంటాను.