ఆ పుట చదవలేకపోయిన రోజు

నిన్న సాయంత్రం పరిశోధన అనుమతి పత్రం నా చేతికి వచ్చింది. 1923లో గ్రీసు, టర్కీ మతాన్ని బట్టి తమ జనాన్ని పరస్పరం మార్చుకున్న ‘జన వినిమయం’ గురించి ఏథెన్స్‌లోనూ ఇస్తాంబుల్‌లోనూ పాత పత్రాలు చూడటానికి నాకు ఇక అడ్డు లేదు. ఈ దారిలో రాబోయే మన విద్యార్థుల కోసం జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

దరఖాస్తు, సిఫారసు లేఖలు, వీసా పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. నన్ను కుంగదీసినది భాషా పరీక్ష. ఒక పుట నకలు ముందు పెట్టి చదవమన్నారు. అక్షరాలన్నీ గ్రీకువే కనుక, మూడేళ్లు ఆ భాష నేర్చుకున్న ధైర్యంతో మొదలుపెట్టాను. మొదటి మాట ‘పురాతా’, తరువాతిది ‘యాతాన్’. అలాంటి గ్రీకు మాటలు నేనెన్నడూ వినలేదు. పది నిమిషాలు గడిచినా ఒక్క వాక్యానికీ అర్థం చెప్పలేకపోయాను. పరీక్షకుల్లో పెద్దాయన కాగితం వెనక్కి తీసుకుని, “ముందు ఏ దేశ చరిత్ర చదవాలో తేల్చుకుని రండి” అని, నేను లేవకముందే తరువాతి అభ్యర్థిని పిలిచారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

అది గ్రీకు కాదు, గ్రీకు లిపిలో రాసిన టర్కిష్. ‘బురాదా యాతాన్’ అంటే ‘ఇక్కడ శయనించిన’ అని అర్థం. సమాధి రాతి మీది మాట. అనతోలియా, అంటే టర్కీలోని ఆసియా భాగం నడిబొడ్డున బతికిన కారమన్లీలనే ఆర్థడాక్స్ క్రైస్తవులు ఇంట్లో టర్కిష్ మాట్లాడుతూ దాన్ని గ్రీకు అక్షరాల్లో రాసుకునేవారు. ‘బ’ పలకడానికి ‘పి’ మీద, ‘ద’ పలకడానికి ‘తఫ్’ మీద చుక్క పెట్టేవారు. నాకిచ్చిన నకలులో ఆ చుక్కలు చెరిగిపోయాయి. తమిళ లిపిలో అచ్చైన త్యాగరాజ కృతుల్లో క, గ తేడా తెలియడానికి అక్షరం పక్కన చిన్న అంకెలు వేస్తారు; అవి లేకపోతే తెలుగు తెలిసినవారైనా తడబడతారు.

చదవలేకపోవడం నా లోపమే, ఒప్పుకుంటాను. కానీ ఆ పెద్దాయన అన్న మాట మాత్రం ఈ చరిత్రకు చేసిన అన్యాయం. 1923 జనవరి 30న స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో కుదిరిన ఒప్పందం మనుషులను మతాన్ని బట్టి విడదీసిందే గాని, ఏ భాష మాట్లాడతారని అడగలేదు. అప్పటికే గ్రీకు, టర్కీ యుద్ధంలో పారిపోయినవారితో కలిపి సుమారు 12 లక్షల మంది క్రైస్తవులు గ్రీసు చేరితే, వారిలో టర్కిష్ మాత్రమే వచ్చిన కారమన్లీలు ఉన్నారు; టర్కీకి పంపిన దాదాపు 4 లక్షల మంది ముస్లింలలో గ్రీకు మాట్లాడే క్రీటు వారు ఉన్నారు. వీరిది ఏ దేశ చరిత్ర?

సొంత ఖర్చుతో ఇస్తాంబుల్ వెళ్లి, బాలిక్లీ మఠం ప్రాంగణంలో నేలకు పరచిన సమాధి రాళ్ల మీద వంగి, చుక్కలను వేలితో తడుముతూ చదవడం నేర్చుకున్నాను. రెండోసారి పరీక్ష ఇట్టే గడిచింది.

నా సలహా ఒక్కటే: రెండు భాషలూ నేర్చుకోండి, ఒకటి చాలనే గురువును నమ్మకండి. టర్కీలో లిపి మారినది 1928లో కనుక, అరబ్బీ అక్షరాల పాత టర్కిష్ కూడా తప్పదు. నేను మాత్రం ముందుగా ఏథెన్స్‌లోని ఆసియా మైనర్ అధ్యయన కేంద్రానికి వెళుతున్నాను. ఆ కేంద్రాన్ని స్థాపించిన మెల్పో మెర్లియే పూనికతో సుమారు 5 వేల మంది కాందిశీకులు చెప్పిన మాటలు అక్కడ రాసి ఉంచారు. మొదట అడగబోయేది కారమన్లీలు బతికిన నడి అనతోలియా ప్రాంతం కప్పడోకియా వారి కట్టలే.