ఆ సాయంత్రం 6:51కి తీసిన ఫొటో

2022 అక్టోబర్ 9, ఆదివారం, పౌర్ణమి. సిరిమాను పండగకి ఇంకా రెండు రోజులు. విజయనగరంలో ఇంటినిండా చుట్టాలే. మేడ మీద మేనకోడలిని ఎత్తుకుని చందమామతో ఫొటో తీశాను. ఫోన్లో టైము 6:51.

నిన్న ఆ రోజు వచ్చిన గామా కిరణాల విస్ఫోటనం గురించి చదువుతూ, గ్రీనిచ్ టైముకి అయిదున్నర గంటలు కలిపాను. ఒళ్లు జలదరించింది. ఫెర్మీ టెలిస్కోపుకి మొదటి మెరుపు తగిలింది మన 6:47కి. అసలు ఉధృతి మరో నాలుగు నిమిషాలకి! ఎక్కడో ఓ భారీ నక్షత్రం కూలిపోతే దాదాపు 200 కోట్ల ఏళ్ల కిందట బయలుదేరిన కాంతి అది. ఆకాశంలో ఆ చోటు అప్పుడు దాదాపు మా నడినెత్తిన ఉంది.

మాకేమీ తెలియలేదు. గామా కిరణాలను గాలి పొర అడ్డుకుంటుంది, అందుకే ఆ టెలిస్కోపులు అంతరిక్షంలో ఉండాలి. అయినా ఆ దెబ్బకి పైనున్న అయనోస్ఫియర్, అంటే విద్యుదావేశం ఉండే గాలి పై పొర, కదిలిపోయిందట.

దాదాపు గంట తర్వాత స్విఫ్ట్ టెలిస్కోపు దాని వెనకాల మిగిలిన వెలుగును పట్టుకుంది. ఆ ఎక్స్‌రే చిత్రం చూడండి, చెరువులో రాయి వేస్తే లేచే అలల్లా వలయాలు. మన గెలాక్సీలోని ధూళికి తగిలి చెదిరిన కాంతి. ఎంత అందంగా ఉందో!

ఫొటోలో పాప చెయ్యి చందమామ వైపు చాపి ఉంది. కింద నుంచి అమ్మ పిలుస్తోంది, "పాపకి మంచు పడుతుంది, దిగండర్రా" అని.