రాత్రి పూట రాముడి పెళ్లి

మా అమ్మ దృష్టిలో చైత్రమాసమంటే భద్రాచలమే. నవమి నాడు మిట్టమధ్యాహ్నం, అభిజిత్ లగ్నం, నెత్తి మాడుతున్నా పందిట్లోంచి కదలని జనం. రాముడి పెళ్లంటే అలా జరగాలి. ఒంటిమిట్టలో మాత్రం నవమికి కాకుండా పున్నమి దగ్గర్లో, అదీ రాత్రి పూట చేస్తారని తెలిసిన దగ్గర్నుంచి "రాత్రి పెళ్లేమిటే, విడ్డూరం కాకపోతే!" అంటూనే ఉంది. అంటూనే మూడేళ్లుగా తీసుకెళ్లమని చెవిలో జోరీగలా పోరింది.

ఈసారి తిరుపతిలో దర్శనం చేసుకుని, చతుర్దశి పొద్దున్నే కడప బస్సెక్కాం. రైల్వే కోడూరు దాకా మామిడి తోటలు. రాజంపేట దగ్గర 108 అడుగుల అన్నమయ్య విగ్రహం కనిపించగానే అమ్మ కిటికీలోంచే దండం పెట్టింది. నందలూరు దాటి, కడప ఇంకా పాతిక కిలోమీటర్లుందనగా ఒంటిమిట్టలో దిగాం. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది.

వసంతం అని పంచాంగంలో రాసుకోవడమే గానీ, సీమలో చైత్రం ఎండాకాలమే. చెట్లకి మాత్రం పంచాంగం బాగా తెలుసు. బస్సు దిగిన చోట ఒక కానుగ చెట్టు, ఆకులన్నీ కొత్తవి, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. కింద రాలిన పూలు ఎవరో పేలాలు ఒలకబోసినట్టున్నాయి. పక్కనే వేప చెట్టు నిండా పూత, పూత నిండా తేనెటీగలు. చైత్రానికి వేదకాలం నాటి పేరు మధువు, వైశాఖానికి మాధవం. ఉగాది పచ్చట్లో మనం ముఖం చిట్లించుకుని మింగే పువ్వులోంచే అవి తేనె లాగుతున్నాయి మరి.

గుడికి మూడు గోపురాలు. 1652లో ఈ దారిన వెళ్లిన టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు చూసి తెగ మెచ్చుకున్నాడట. మెచ్చుకోడా మరి! రంగమండపంలో నిలబడి ఆ స్తంభాల మీది బొమ్మల్ని చూస్తుంటే మెడ నొప్పెట్టడం కూడా తెలియలేదు. గర్భగుడిలో రాముడు, సీత, లక్ష్మణుడు ముగ్గురూ ఒకే రాయిలో ఉంటారు. అందుకే దీన్ని ఏకశిలానగరం అంటారు. పోతన ఈ ఊరివాడా, ఓరుగల్లువాడా అన్న తగవు కూడా ఆ పేరు రెండు చోట్లా ఉండబట్టే వచ్చింది. అందులో నేను తలదూర్చను.

అమ్మకి మాత్రం ఏదో వెలితిగా ఉంది. "ఆంజనేయుడేడే?" అని నన్నడిగితే, మండపంలో స్తంభానికి ఆనుకుని కూర్చున్న తలపాగా పెద్దాయన అందుకున్నాడు.

"ఆయప్ప ఇంకా కలిసింటే గదమ్మా! ఇది అరణ్యవాసంలో ఉన్నప్పటి రాముడు. జాంబవంతుడు నిలిపినాడు. ఆంజనేయుడు బయట ఉండాడు, సంజీవరాయుడని, పోయేటప్పుడు మొక్కోండి."

ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరం! ఒంటడు, మిట్టడు అనే ఇద్దరు దొంగలు మారి గుడి కట్టించారని, వాళ్ల పేర్లే ఊరికి వచ్చాయని చెప్పాడు. ఇమాంబేగు కథ ఇంకా ఇష్టంగా చెప్పాడు. నవాబు కొలువులో అధికారి అయిన ఇమాంబేగు 1640లో ఇక్కడికొచ్చి, మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని అడిగాడట. చిత్తశుద్ధితో పిలిస్తే పలుకుతాడన్నారట. మూడుసార్లు పిలిచాడు. "మూడుసార్లూ ఓ అని పలికినాడు సామీ!" అని పెద్దాయన తనే పలికినట్టు గుండె మీద చెయ్యేసుకున్నాడు. ఆ ఇమాంబేగు తవ్వించిన బావి ఇప్పటికీ ఉంది. టెంకాయచిప్ప పట్టుకుని ఊరూరా అడుక్కుని ఈ గుడిని బాగు చేయించిన వావిలికొలను సుబ్బారావు గారి సంగతి కూడా ఆయన నోటే విన్నాం.

అమ్మ ఇక ఆగలేక అసలు ప్రశ్న అడిగేసింది. రాత్రి పూట పెళ్లెందుకని.

"చందమామ కోసరం తల్లీ. పాలసముద్రంలో లచ్చిమమ్మా, చంద్రుడూ కూడబుట్టినోళ్లు గదా. చెల్లెలి పెండ్లి పగలు చేసేస్తే ఆయప్ప యాడ చూసేది? స్వామి కాడ ఏడ్చుకున్నాడు. రామావతారంలో నీకు చూపిస్తాలే అని మాటిచ్చినాడు స్వామి."

విజయనగర రాజులు చంద్రవంశం వాళ్లు కాబట్టి వెన్నెల్లో పెట్టించారనే వాళ్లూ ఉన్నారు. నాకు పెద్దాయన కథే నచ్చింది. లక్ష్మి మనకి అమ్మ కాబట్టే చంద్రుడు మనకి మామయ్యాడు. చైత్రం అన్న పేరూ ఆయన నడక వల్ల వచ్చిందే. పున్నమికి చిత్తా నక్షత్రం దగ్గరికి చేరే నెల ఇది.

"ఉగాదికే వచ్చింటే దేవుని కడప గూడా చూసిందురు" అన్నాడాయన. ఆ రోజు తెల్లవారుజామునే కడప ముస్లింలు వెంకటేశ్వరస్వామి గుడికి టెంకాయలు పట్టుకుని వస్తారు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపిల్ల కాబట్టి స్వామి వాళ్లకి అల్లుడు. కొత్త సంవత్సరం నాడు అల్లుణ్ణి పలకరించి వెళ్తారన్నమాట. ఆలోచిస్తే ఈ జిల్లాలో చైత్రమంతా ఆడపెళ్లివారిదే. అక్కడ నాంచారమ్మ తరఫువాళ్లు, ఇక్కడ సీతమ్మ అన్న.

అమ్మ ఉన్నట్టుండి నవ్వింది. "మా అన్నయ్యా నా పెళ్లికి ఇంతే. రైలు తప్పిపోయి ముహూర్తానికి లేడు. తీరా విస్తళ్లు వేసే వేళకి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ఏడవాలో నవ్వాలో తెలీలేదు నాకు." నలభై ఏళ్ల నాటి ఈ ముచ్చట నాకెప్పుడూ చెప్పలేదు.

సాయంత్రం కల్యాణవేదిక దగ్గరికి చేరేసరికి పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు మాటిమాటికీ పైకి చూస్తున్నారు. వాళ్ల భయం ఊరికే కాదు. 2018లో కల్యాణం నాటి సాయంత్రమే గాలివాన, వడగళ్లు విరుచుకుపడి ప్రాణాలు పోయాయి. చైత్రానికి ఈ ముఖం కూడా ఉంది.

మా పక్కన కూర్చున్నావిడ గోదావరి జిల్లా అని తెలియగానే అమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ గోటి తలంబ్రాల బృందంలో మనిషి. వడ్లని రోట్లో దంచకుండా, ఒక్కో గింజ గోటితో ఒలిచి బియ్యం చేస్తారు. "చూడండి" అని బొటనవేలు చూపించింది. గోరు చివర అరిగి, అంచు వెంట సన్నటి పసుపు గీత. నెలల తరబడి ఒలిచినా గింజ విరగకూడదట, విరిగితే పక్కన పెట్టేయడమే.

వాన పడలేదు గానీ చందమామా రాలేదు. ప్రవర చదివారు, మబ్బే. మాంగల్యధారణ అయింది, మబ్బే. తలంబ్రాలు పోస్తుంటే జనం అంతా లేచి నిలబడి "శ్రీరామ" అని అరిచారు. నేను తెర మీద చూస్తున్నాను, అమ్మ మాత్రం ఆకాశం వంక చూస్తోంది. ఎవరి కోసం రాత్రి దాకా ఆగారో ఆయనే లేడు.

అంతా అయ్యాక చెప్పుల కోసం పావుగంట వెతుక్కున్నాం. నావి దొరికాయి, అమ్మవి పోయాయి. రోడ్డు పక్కన అరుగు మీద కూర్చుని పులిహోర పొట్లం విప్పామో లేదో, కాగితం మీద తెల్లగా వెలుగు పడింది. తలెత్తి చూస్తే మబ్బు పాయలోంచి చంద్రుడు, ఇంకా నిండడానికి నూలుపోగంత మిగిలి. ఆయనకి కాస్త కింద ఒంటరిగా ఒక తెల్లచుక్క. చిత్త అదే.

అమ్మ వట్టికాళ్లతో లేచి నిలబడి, పులిహోర చేత్తోనే పైకి చూపించింది.

"చూడవే, మా అన్నయ్యే! సరిగ్గా భోజనాల వేళకి దిగాడు."