వడ్డీతో సహా పదిహేను కిలోమీటర్లు

ఈ ఏడాదిలో వెయ్యి కిలోమీటర్లు పరిగెత్తాలనుకున్నాను. మా వంటింటి గోడ క్యాలెండరు ప్రకారం డిసెంబరు రెండో వారానికే అవి పూర్తయ్యాయి. ఫోను ప్రకారం ఇంకా 14.3 కిలోమీటర్లు బాకీ ఉన్నాను.

ఈ తేడా ఎలా వచ్చిందో నాకు తెలుసు. ఫోనులో 2.6 అని కనిపిస్తే క్యాలెండరు గడిలో 3 అని వేసేవాడిని. 4.7 అయితే 5. "ఆ మాత్రం దానికేముందిలే" అనుకుంటూ సెప్టెంబరు నుంచి మూడు నెలలు అలాగే రాసుకుంటూ పోయాను. లెక్కలు కూడే ఉద్యోగం చేసే మనిషిని, ఆఫీసులో పది రూపాయలు తేడా వస్తే రాత్రి ఎనిమిదైనా కుర్చీ దిగను. ఇంట్లో మాత్రం ఇదీ నా బాగోతం. "ఎవరికి చెప్పాలండీ మీరు ఈ లెక్క?" అంది మా ఆవిడ. ఎవరికీ చెప్పక్కర్లేదు. అయినా గోడ మీద ఆ మొత్తం కనబడినప్పుడల్లా పంటి కింద రాయి పడినట్టు ఉండేది.

అందుకే ఒక శనివారం సాయంత్రం చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సెక్కాను. బాకీ తీర్చడానికి అంతకన్నా తగిన ఊరు తోచలేదు. తన పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు ఇంకా వడ్డీ కడుతున్న సామి అక్కడే ఉన్నాడు. వడ్డికాసులవాడికి నా 14.3 పెద్ద లెక్కా!

బస్సు పూతలపట్టు దాటాక కిటికీకి తల ఆనించి ఏడాదంతా నెమరేసుకున్నాను. అసలు ఈ పరుగు మొదలైంది షుగరు పరీక్షతో. హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. 6.5కు చేరితే షుగరున్నట్టే, 5.7 లోపుంటే లేనట్టే. నేను మధ్యలో గోడ మీద పిల్లిలా ఉన్నాను. జనవరి ఒకటిన వెయ్యి కిలోమీటర్లని క్యాలెండరు మీద రాసేశాను. రోజుకు 2.74. చూడ్డానికి ఎంత చిన్న అంకె! కూరగాయలకు వెళ్లొచ్చేంత దూరం.

ఆ చిన్న అంకే నన్ను ముంచింది. మొదటి మూడు వారాలు రోజుకు ఐదేసి కిలోమీటర్లు, అదీ ఎవరో తరుముతున్నట్టు పరిగెత్తాను. నెలాఖరుకు మోకాలి కింద, ముందువైపు ఎముక వెంబడి నొప్పి మొదలైంది. వేలితో నొక్కితే ప్రాణం జివ్వుమనేది. ఊపిరి తొందరగా అలవాటు పడుతుందట, ఎముకలకు నెలలు కావాలట. పది రోజులు మూలన కూర్చున్నాను. ఆ తర్వాత కట్టమంచి చెరువు కట్ట మీద రోజూ నడిచే రిటైర్డ్ డ్రిల్లు మాస్టరు నన్ను నిలబెట్టి ఒకే మాట చెప్పాడు. "మాట్లాడతా పరిగెత్తప్పా. మాట రాలేదంటే తగ్గించు." ఏడాదిలో నాకు పనికొచ్చిన సలహా అదొక్కటే. చాలా నెమ్మదిగా, పక్కన నడిచేవాళ్లు నవ్వేంత నెమ్మదిగా పరిగెత్తడం నేర్చుకున్నాక నొప్పి మళ్లీ రాలేదు.

మార్చి నుంచి ఎండలు. ఆరు గంటలకే వీపు కాలేది. పావు తక్కువ ఐదుకు లేచి, చెంబెడు రాగి అంబలి తాగి బయటపడేవాడిని. తిరిగొచ్చాక ఉప్పేసిన పల్చటి మజ్జిగ. కొత్త ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి రెండు వారాలు పడుతుంది, ఆ రెండు వారాలు వేగం ఊసెత్తకూడదు. జూన్‌లో గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్డంతా బారులు తీరేవి. వాటి పక్క నుంచి పరిగెత్తుతుంటే ఆ మాగిన వాసనకు ఆకలేసేది. అవి మంచి రోజులు, క్యాలెండరు వైపు చూడనైనా చూడలేదు. కుక్కల సంగతి వేరే చెప్పాలి గానీ, తరిమితే పరిగెత్తకుండా నిలబడిపోవాలని ఒక్కమాటతో వదిలేస్తాను.

ఆగస్టులో విషజ్వరం. పంతొమ్మిది రోజులు పోయాయి. పంతొమ్మిదిని 2.74తో గుణిస్తే 52. మంచం మీద పడుకుని ఈ గుణకారం ఎన్నిసార్లు చేశానో. అప్పటి నుంచి పరుగు కిస్తీలా తయారైంది, ఎగ్గొట్టిన వాయిదాలు నెత్తిన కూర్చున్నాయి. 2.6ను 3 చేసే రోగం అక్కడే అంటుకుంది. బద్ధకం కాదది, టెన్షన్. వెనకబడినవాడికి పావు కిలోమీటరు కూడా కొబ్బరి ముక్కలా కనిపిస్తుంది. ఆ జ్వరం వచ్చిన రోజే వెయ్యిని తొమ్మిదివందల యాభై చేసుకుని ఉంటే సరిపోయేది. ఆ ఆలోచన రాలేదు.

చంద్రగిరి దాటేసరికి చీకటి పడింది. తిరుపతిలో లీలామహల్ దగ్గర మా బావమరిది స్కూటరుతో నిలబడి ఉన్నాడు. రేపటి ప్లాను చెప్పాను. అలిపిరి నుంచి జూ పార్కు రోడ్డు పట్టుకుని, చెర్లోపల్లి, శ్రీనివాస మంగాపురం మీదుగా శ్రీవారిమెట్టు దాకా పరుగు. అక్కడి నుంచి మెట్లెక్కి కొండ మీదికి. దిగడం అలిపిరి దారిలో.

"బస్సులో దిగరాదా బావా?" అన్నాడు. సప్తగిరి బస్సులు నిమిషానికొకటి ఉంటాయి, నిజమే. వినలేదు.

తెల్లవారుజామున ఐదున్నరకు కపిలతీర్థం ముందు నుంచి అలిపిరి చేరాం. ధనుర్మాసం మొదలైంది. ఎవరింట్లోనో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తోంది, కొండ మీదా ఈ నెలంతా అంతే. చలికి స్కూటరు మీద నా పళ్లు టకటకలాడాయి. శేషాచలం అంచునే పోయే రోడ్డు గనక తెల్లారేదాకా నా వెనకే వస్తానని బావమరిది పట్టుబట్టాడు. చిరుత భయం ఊరికే కాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత లాక్కుపోయి చంపేసింది. ఆ తర్వాత కొన్నాళ్లు నడిచి వెళ్లే భక్తులకు చేతికర్రలిచ్చారు, పిల్లల్ని ఎప్పుడు పంపాలో వేళలు పెట్టారు. నా వెనక స్కూటరు లైటు, ముందు నా నీడే పది అడుగుల పొడవున పరిగెత్తుతూ. జూ గోడ వెనక నుంచి ఏదో గట్టిగా అరిచింది. నా వేగం మాట రానంతగా పెరిగింది. మాస్టరు చూసుంటే తిట్టేవాడు.

చెర్లోపల్లి దగ్గర తెల్లారింది. బావమరిది వెనక్కి తిరిగాడు. మంగాపురం గుడి గోపురం మీద లేత ఎండ. పద్మావతీదేవిని పెళ్లాడాక శ్రీనివాసుడు ఇక్కడే కొన్నాళ్లు ఉన్నాడని, తర్వాత ఈ మెట్ల దారిలోనే కొండెక్కాడని మా వైపు చెప్పుకుంటారు. చంద్రగిరి కోట నుంచి రాజులు కూడా ఈ దారినే పోయేవారంటారు. దగ్గర దారి మరి. గుడి దాటాక ఎడమా కుడీ తోటలు, ఎదురుగా గోడలా కొండ. రోడ్డు కొంచెం కొంచెంగా ఎత్తవుతుంది, కళ్లకు తెలియదు, పిక్కలకు తెలుస్తుంది.

శ్రీవారిమెట్టు ముందు ఫోను చూశాను. 15.1. బాకీ 14.3. ఎనిమిది వందల మీటర్లు వడ్డీ. ఏదో పెద్ద సంబరం పుట్టుకొస్తుందనుకున్నాను గానీ, దాహం వేసింది, అంతే. కొళాయి దగ్గర నీళ్లు తాగి ఫోను ఆపేశాను.

బూట్లు సంచిలో పెట్టి సామాన్ల కౌంటరులో ఇచ్చాను, కొండ మీద తిరిగి తీసుకోవచ్చు. ఇక్కడ 2,388 మెట్లు. దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే గానీ, నిటారు. చెమటారని ఒంటితో, వట్టి కాళ్లతో, గోవిందలు కొట్టేవాళ్ల మధ్య ఎక్కడం మొదలుపెట్టాను. పరిగెత్తాలనిపించలేదు. ఒక కాలేజీ కుర్రాడు రెండేసి మెట్లు ఎగిరి పోయాడు. మూడొందల మెట్ల తర్వాత అతను స్తంభానికి ఆనుకుని ఆయాసపడుతూ కనిపించాడు. జనవరిలో నేను. గంటా పది నిమిషాలకు పైకి చేరాను.

వైకుంఠ ఏకాదశికి ముందు రద్దీ, క్యూలైను చూసి దర్శనానికి ధైర్యం చాలలేదు. మహాద్వారం బయట నుంచే దండం పెట్టుకున్నాను. వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో చక్కెర పొంగలి రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. తరిగొండ వెంగమాంబ మా పాత ఉమ్మడి చిత్తూరు జిల్లా ఆడబిడ్డే, ఆమె పేరున్న చోట మొహమాటమేమిటి!

దిగడం మొదలుపెట్టాక తెలిసింది బావమరిది చెప్పిన మాట విలువ. ఎక్కేటప్పుడు ఊపిరి కష్టపడుతుంది, దిగేటప్పుడు తొడలు. ప్రతి మెట్టుకూ ఒంటి బరువంతా తొడ కండరం సాగుతూనే ఆపాలి, ఆ సాగడంలోనే అది దెబ్బతింటుంది. ఏడాదంతా చదును రోడ్ల మీద పరిగెత్తిన నేను తొడలతో ఈ పని ఒక్కరోజూ చేయించలేదు. మోకాళ్ల పర్వతం దగ్గర ఎదురొస్తున్నవాళ్లు మోకాళ్ల మీద పాకుతూ ఎక్కుతున్నారు. చిన్ననాడు అన్నమయ్య చెప్పులతో ఎక్కబోయి ఇక్కడే సొమ్మసిల్లితే అమ్మవారు వచ్చి చెప్పులు విడవమందట. నా బూట్లు బుద్ధిగా సంచిలోనే ఉన్నాయి. అయినా నాకూ సొమ్మసిల్లేలాగే ఉంది.

గాలిగోపురం దాటాక తొడలు వణకడం మొదలుపెట్టాయి. అక్కడి నుంచి కిందికి రెండు వేల పైచిలుకు మెట్లు. ఒక వంద దిగి కూలబడ్డాను.

"లెయ్ నాయినా, ఆ మెట్టుకు పెట్టాల."

ఒక అవ్వ. నా కంటే మూడు మెట్లు కింద ఉంది. ఎడమ చేతిలో పసుపు గిన్నె, మణికట్టుకు కుంకుమ పొట్లం ఉన్న గుడ్డసంచి. పక్కనే పదిహేనేళ్ల మనవడు కర్పూరం డబ్బా పట్టుకుని విసుగ్గా నిలబడ్డాడు. అవ్వ వంగి, మూడు వేళ్లు పసుపులో ముంచి మెట్టు అంచున ఒక్క ఈడ్పు ఈడ్చింది, మధ్యలో బొటనవేలితో కుంకుమ బొట్టు. నడుం ఎత్తకుండానే పై మెట్టు. ఆమె వేళ్ల సందుల్లో పసుపు ఎండి పెచ్చులు కట్టింది. రాయి మీద మొన్నటి కర్పూరం మసి, దాని మీద నిన్నటి వాళ్ల పసుపు, దాని మీద ఈమెది. అలిపిరి దారిలో 3,550 మెట్లు. అన్నిసార్లు వంగాలి.

రెయిలింగు పట్టుకుని లేచాను. నేను కూర్చున్న చోట చెమట తడి. కొంగుతో తుడిచి మరీ పసుపు పెట్టింది.

"ఎన్నయినాయి అవ్వా?" అన్నాను. ఇంకేం అడగాలో తెలియలేదు.

"మూడు తక్కువ" అంది.

నాకు అర్థం కాలేదు. మనవడు చెప్పాడు. కింద ఎక్కడో ఒక కుటుంబం మెట్లకు అడ్డంగా పడి నిద్రపోతోందట. లేపడానికి అవ్వకు మనసొప్పలేదు. మూడు మెట్లు వదిలేసి వచ్చింది. అప్పటి నుంచీ ఇదే గొడవ. "నేను పోయి పెట్టొస్తానంటే నమ్మదన్నా. నేను సగంలో తిరిగొస్తానంట."

"నువ్వట్లాటోడివే" అంది అవ్వ, వంగిన మనిషి వంగినట్టే.

"మూడే కదవ్వా, సామి ఏమనుకోడులే" అన్నాను. ఆ మాట అన్నవాడు మూడు నెలలు 2.6ను 3 రాసినవాడని ఆమెకు తెలియదు. ఆమె నావైపు చూసింది. కోపం కాదు, అడ్డదిడ్డంగా మాట్లాడే పిల్లాణ్ణి చూసినట్టు.

"సామి అనుకోడు. నాకు నిద్ర రావద్దా?"

గిన్నె నా చేతిలో పెట్టింది, సంచిలోంచి చిన్న పసుపు పొట్లం తీసుకుంది, మనవడి భుజం పట్టుకుని కిందికి బయలుదేరింది. వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఎక్కేవాళ్లందరూ నన్ను దాటి పోతున్నారు, చేతిలో పసుపు గిన్నె పట్టుకున్న చెమట చొక్కావాణ్ణి చూసి ఒకామె మెట్టుకు పెట్టడానికి కాస్త పసుపు అడిగింది. నాది కాదమ్మా అన్నాను. ఇరవై నిమిషాలకు పైగా పట్టింది అవ్వ తిరిగి రావడానికి. ముఖం ఎర్రబడింది, ఆయాసం. గిన్నె తీసుకుని పసుపు ఎంత ఉందో ఒకసారి చూసుకుంది, నా మీద అనుమానం కాబోలు. వదిలిన మెట్టు దగ్గర నుంచి మళ్లీ వంగింది.

నేను దిగుతూ ఆ మూడు మెట్ల కోసం వెతికాను. కుటుంబం లేచి పోయింది, బిస్కెట్ కాగితం మిగిలింది. అన్ని మెట్ల మీదా పసుపే గనక ముందు పోల్చలేకపోయాను. తర్వాత ఒకచోట వరసగా మూడింటికి ఇంకా తడారలేదు. పక్కకు జరిగి రెయిలింగు వెంబడి దిగాను. తలయేరు గుండుకు రెండు మోకాళ్లూ ఆనించాను, నొప్పులు పోతాయంటారు గనక. పోలేదు.

పాదాల మండపం బయట బావమరిది స్కూటరు స్టాండు తీసి సిద్ధంగా ఉన్నాడు.

"ఎంతయింది బావా?"

"పదిహేను చిల్లర."

"మెట్లతో కలిపేనా?"

"మెట్లు లెక్కలో లేవు" అని వెనక సీటు ఎక్కబోయాను. కుడికాలు లేవలేదు. రెండు చేతులతో తొడ పట్టుకుని ఎత్తి అవతలికి వేసుకోవాల్సి వచ్చింది.